ఒక్క పేరూ తప్పిపోకూడదు!

కడప జిల్లా కలమల్ల అనగానే గుర్తొచ్చేది తొలి తెలుగు శాసనం. క్రీ.శ.575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించింది. ఆ ఊరికి మరో గుర్తింపూ ఉంది... రాయలసీమ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం. 1650 మెగావాట్ల ఇలాంటి కేంద్రాల నుంచి కరెంటు మన ఇంటికి చేరాలంటే దారి పొడవునా కంప్యూటర్లే కాపలా. మరి ఆ కంప్యూటర్లకు కాపలా?

2021లో దేశమంతా ఈ ప్రశ్నే వేసుకుంది. చైనాతో సంబంధముందని చెబుతున్న రెడ్‌ఎకో ముఠా ‘షాడోప్యాడ్‌’ మాల్‌వేర్‌తో విద్యుత్‌ కంట్రోల్‌ సెంటర్లకు గురిపెట్టిందని ఆ ఫిబ్రవరి 12న ఎన్‌సీఐఐపీసీ హెచ్చరించింది. మెయిల్లో పేర్కొన్న ఐపీ చిరునామాలూ డొమైన్లన్నింటినీ ఫైర్‌వాల్‌లో అడ్డుకున్నారు. కంప్యూటర్లన్నింటినీ యాంటీవైరస్‌తో జల్లెడ పట్టారు. తెలంగాణ లోడ్‌ డెస్పాచ్‌ సెంటర్‌కూ సెర్ట్‌-ఇన్‌ నుంచి హెచ్చరిక వచ్చింది. అక్కడా అనుమానిత ఐపీలను అడ్డుకుని పాస్‌వర్డ్‌లు మార్చారు. గ్రిడ్‌ పనులకు ఆటంకమేమీ కలగలేదని కేంద్ర విద్యుత్‌ శాఖ ప్రకటించింది.

మీటర్‌ రీడర్‌లా...

జాబితాలో పది చిరునామాలుంటే చేత్తో చేసేయొచ్చు. వందలుంటే? అప్పుడే ‘ప్లేబుక్‌’ అక్కరకొస్తుంది. ఏం జరిగితే ఏం చేయాలో ముందే రాసిపెట్టిన పనుల వరస అది. అందులో కీలకం లూప్‌. అంటే, జాబితాలోని ఒక్కోదాన్నీ తీసుకుని అదే పనిని మళ్లీ మళ్లీ చేయడం. వీధిలో మీటర్‌ రీడింగ్‌ తీసే ఉద్యోగిని చూడండి. ఇంటింటికీ వెళ్తాడు. ఓ ఇంటికి తాళం ఉంటే ‘డోర్‌ లాక్‌’ అని రాసుకుని పక్కింటికి వెళ్తాడే తప్ప ఆఫీసుకు తిరిగిపోడు. లూప్‌ కూడా అంతే. ఒక చిరునామా దగ్గర పని జరక్కపోతే గుర్తుపెట్టుకుని తర్వాతి దానికి వెళ్లాలి. ఆఖరిది కాగానే ఆగాలి.

చిక్కంతా ఇక్కడే. జాబితా మొత్తం ఇచ్చినా మొదటి చిరునామాను మాత్రమే అడ్డుకుని ‘పని పూర్తయింది’ అని చూపించే ప్లేబుక్‌ ఉంటే? మిగిలిన తలుపులన్నీ తెరిచే ఉంటాయి... పైగా ఎవరికీ అనుమానం రాదు! అందుకే ఎన్ని ఇచ్చాం, ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి అని లెక్క సరిచూసుకోవాలి.

ఇంకో ప్రమాదమూ ఉంది. పొరపాటున సొంత సర్వర్‌ చిరునామా జాబితాలో చేరితే లూప్‌ దాన్నీ అంతే శ్రద్ధగా అడ్డుకుంటుంది. అందుకని ఎప్పటికీ ఆపకూడని చిరునామాల పట్టిక ఒకటి ముందే పెట్టుకోవాలి. కరెంటు సరఫరా లాంటి చోట ఆఖరి బటన్‌ మనిషి చేతిలో ఉండటమే క్షేమం!