ఒక విద్యలో పట్టు.. పది పనుల్లో ప్రవేశం
కొలువులో రాణించేందుకు డెల్టా చరిత్ర చెబుతున్న పాఠం

ద్రాక్షారామం: చదివిన విద్యలో ఎంత పట్టున్నా పక్క విభాగం పని బొత్తిగా తెలియకపోతే ఉద్యోగంలో రాణించడం కష్టం. అన్నీ పైపైన తెలిసి, ఏ ఒక్కదానిలోనూ లోతు లేకపోయినా అదే ఇబ్బంది. ఈ రెండూ కలిసినవారిని ఇంగ్లిషు అక్షరం 'టి'తో పోలుస్తుంటారు. నిలువు గీత ప్రావీణ్యానికి, అడ్డగీత విస్తృత అవగాహనకు గుర్తు. పోలిక కొత్తదే అయినా, నిదర్శనం మాత్రం ద్రాక్షారామం పరిసర పొలాలను తడుపుతున్న తూర్పు డెల్టా కాలువల్లోనే ఉంది.

ఇసుకపై పునాది
ఆ కాలువలకు మూలమైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని రూపకర్త సర్ ఆర్థర్ కాటన్ వృత్తిరీత్యా సైనిక ఇంజినీరు. గోదావరి గర్భమంతా లోతైన ఇసుక. అటువంటి చోట పునాది నిలిపే మెళకువను ఆయన కావేరిపై చోళుల నాటి కల్లణై ఆనకట్టను పరిశీలించి గ్రహించారు. 1836లో కొల్లిడం నదిపై చేపట్టిన పనుల అనుభవమూ తోడైంది. ఇది నిలువు గీత.

లెక్కలూ తెలియాలి
1830 దశకంలో కరువులు, 1839లో తుపాను ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. ఆనకట్ట కడితే సాగు ఎంత పెరుగుతుందో, ఖజానాకు రాబడి ఎలా వస్తుందో కాటన్ తన నివేదికలో వివరించి ప్రభుత్వాన్ని ఒప్పించారు. కాలువలను సాగునీటికే పరిమితం చేయక, లాకులతో పడవల రవాణాకూ పనికివచ్చేలా రూపొందించారు. వ్యవసాయం, వర్తకం, ఆర్థికం తెలియని ఇంజినీరుకు ఇది సాధ్యమయ్యేది కాదు. పనుల పర్యవేక్షణలో వీణం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచారు. 1848లో కాటన్ అనారోగ్యంతో వెళ్లినప్పుడు కెప్టెన్ ఓర్ బాధ్యత స్వీకరించడంతో పని ఆగలేదు.

యువత ఏం చేయాలి?
ముందుగా ఒక పనిలో పూర్తి పట్టు సాధించాలి. ఆ తర్వాతే విస్తరణ. సివిల్ డిప్లొమా చదివినవారు అంచనాల తయారీతోపాటు రైతుతో మాట్లాడి పొలం అవసరం తెలుసుకోవాలి. చెరువు నీటిని పరీక్షించే ఆక్వా టెక్నీషియన్‌కు మేత ఖర్చు, రొయ్యల ధర తెలిసి ఉండాలి. రైసుమిల్లు ఎలక్ట్రీషియన్ ధాన్యం ఆడే క్రమాన్ని గమనిస్తే, యంత్రం ఆగినప్పుడు లోపం త్వరగా దొరుకుతుంది. పక్కవారి పనిని అడిగి తెలుసుకోవడానికి ప్రత్యేక కోర్సు అక్కరలేదు, రోజుకు కొంత సమయం చాలు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ వచ్చింది. అయినా ఒకే కాలువతో పొలాన్నీ పడవనూ కలిపిన ఆ ఆలోచన నేటి ఉద్యోగార్థులకు పనికివచ్చేదే.