పండ్లు, బ్రెడ్డుతో పాటు ఒక చేతి పట్టీ

పండుగ వస్తే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులకు పండ్లు, బ్రెడ్డు పంచడం మనకు అలవాటే. అది మంచి పనే. అయితే ఆసుపత్రిలో చేరిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడానికి మరికొన్ని చిన్న వస్తువులు కూడా అవసరం. దాతలకు వాటి గురించి చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మా ఖాలా ఒక ఆసుపత్రిలో చేరారు. అదే వార్డులో అదే పేరుతో మరొకామె ఉన్నారు. అర్ధరాత్రి సిస్టర్ వచ్చి పేరు పిలిస్తే, జ్వరం మత్తులో మా ఖాలా తలూపారు. రెండో ఆమెకు చేయాల్సిన ఇన్సులిన్ ఈమెకు చేయబోయారు. "ఈమెకు షుగర్ లేదు సిస్టర్!" అని పక్కనున్న మా చెల్లెలు అనబట్టి ఆగింది. ఆ సిస్టర్‌ను మేము తప్పుపట్టము. ఆ రాత్రి వార్డు మొత్తానికి ఆమె ఒక్కరే.

షేక్, మహమ్మద్, బేగం అనే పేర్లు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయో మనకు తెలుసు. బడిలో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే మేము రోల్ నంబరు కూడా చూసి మార్కులు వేస్తాము. మార్కులకే అంత జాగ్రత్త పడితే, మందుకు ఇంకెంత పడాలి? రోగి చేతికి ఒక పట్టీ, దానిపై పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఐపీ నంబరు ఉండాలి. ఇంజెక్షన్‌కు ముందు వాటిలో రెండు గుర్తులైనా సరిచూస్తే ఇటువంటి పొరపాటు చాలావరకు తప్పుతుంది.

చిన్న మార్పు అని తీసిపారేయరాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు వార్డులోకి వెళ్లేముందు డాక్టర్లంతా క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలన్నాడు. కొద్ది నెలల్లోనే బాలింతల మరణాలు ఎంతగానో తగ్గాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదులకు 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. రోగి ఎవరు, ఆపరేషన్ ఏ భాగానికి, ఏ మందు పడదు వంటి ప్రశ్నలే అందులో ఉన్నాయి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని పాటించి చూస్తే, మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి.

మరి మనం ఏం చేయగలం? సూపరింటెండెంటు గారిని కలిసి, వారికి ఏది అవసరమో అడిగి ఇవ్వాలి. చేతి పట్టీలు, మంచాల దగ్గర చేతులు శుభ్రం చేసుకునే మందు సీసాలు, బాత్‌రూము దారిలో రాత్రి దీపం, వృద్ధులు జారిపడకుండా గోడకు పట్టుకునే కడ్డీ వంటివి ఇవ్వవచ్చు. సీసా ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే నెలలోపే ఖాళీ అవుతుంది. కాబట్టి నెలనెలా నింపే బాధ్యత కూడా ఒకరు తీసుకోవాలి.

రోగి వెంట ఉండేవారికీ ఒక మాట. వాడుతున్న మందుల చీటీ దగ్గర ఉంచుకోండి. పడని మందు ఏదైనా ఉంటే ముందే చెప్పండి. "ఇది ఏం మందు సిస్టర్?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

సెప్టెంబరు 17 ప్రపంచ రోగుల భద్రతా దినం. ఈ ఏడాది ఆ రోజున పండ్ల బుట్టతో పాటు ఒక పెట్టె చేతి పట్టీలు కూడా తీసుకువెళ్దాం.