విద్యార్థులు – విదేశ భాషలు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరము పోవు దారిలోని ఇబ్రహీంపట్నము ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఊరు. 1550 నుండి 1580 వరకు గోల్కొండ నేలిన ఆ ప్రభువు కొలువులో పారసీకము చెల్లుబడి యైనను, తెలుగు కవుల నాదరించి మల్కిభరాముడని పేరొందెను. అట్టి ఊరి బాలిక నేడు ఫ్రెంచో జర్మనో నేర్వదలచినచో దారి యేది?

పదవ తరగతి వరకు తెలుగు, హిందీ, ఇంగ్లీషులతోనే చాలమందికి సరిపోవును. ఇంటర్మీడియటులో ద్వితీయ భాషగా ఫ్రెంచిగాని అరబ్బీగాని తీసికొనవచ్చును. కాని చేరబోవు కళాశాలలో దానిని బోధించువారు కలరా యని తల్లిదండ్రులు ముందే విచారింపవలెను. మార్కులు సులువుగా వచ్చునని ఫ్రెంచి పుచ్చుకొని, రెండేండ్ల పిదప ఒక్క వాక్యమైనను పలుకలేనివారు కలరు. అది పరీక్ష దాటుటయే గాని భాష వచ్చుట గాదు.

మాట్లాడ నేర్వవలెనన్నచో నగరమునకు పోవలసినదే. అక్కడ ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మనుకు గోథే జెంట్రుమ్ కలవు. 1958లో ఇంగ్లీషు బోధనకై నెలకొన్న కేంద్ర సంస్థ 1972లో విదేశ భాషలనుగూడ చేర్చుకొని, 2007లో ఇఫ్లూ అను కేంద్ర విశ్వవిద్యాలయ మయ్యెను. ఇంటర్మీడియటు ముగించినవారు దానిని గుర్తుంచుకొనవలెను.

యూరపు భాషలకు ఏ1 మొదలు సీ2 వరకు ఆరు మెట్లు. మొదటిది పలకరింపులకు చాలును. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా నాల్గవ మెట్టగు బీ2 అవసరము. ఆ మెట్టు నెలలలో అందునది కాదు.

బస్సుపై పోవుటకే సుమారు ముప్పది కిలోమీటర్లు. కనుక రుసుము కట్టకముందే వారాంతపు తరగతులో వేసవి తరగతులో ఉన్నవేమో అడిగి తెలిసికొనుట మేలు.