రెండు కార్బ్యురేటర్లా? ఒకటా?

పెట్రోలు ఒంటరిగా మండదు. దానికి గాలి తోడు కావలయును. ఆ రెంటిని తగుపాళ్ళలో కలిపి సిలిండరున కందించునది కార్బ్యురేటరు.

ఇంగ్లండునందలి ట్రయంఫ్ సంస్థ 1959 నమూనాగా బోనవిల్ టి 120 అను మోటారు సైకిలును వెలువరించినది. 649 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఆమల్ కార్బ్యురేటరు. వేగము హెచ్చిన వేళ రెండును తృప్తిగా ఊపిరి పీల్చును. దాని ఖ్యాతికి ఈ జంట ఒక ముఖ్యకారణము.

అయితే జోడెడ్లలో ఒకటి ముందునకు లాగి, రెండవది వెనుకబడినచో బండి నడక యేమగును? ఇచటను అంతే. గాలిదారిని మూసి తెరచు స్లైడులు రెండును ఒక్కమారే, ఒక్క ఎత్తునకే లేవవలయును. ఏండ్లు గడచిన కొలది స్లైడులు అరుగును, కేబుళ్ళు సాగును; ఇంజను తడబడును. కావున కొందరు జంటను తీసివేసి, రెండుగా చీలిన గొట్టమునకు ఒకే కార్బ్యురేటరును అమర్చుకొనుచున్నారు. ట్రయంఫ్ వారే ఒకే కార్బ్యురేటరుతో టి ఆర్ 6 అను సోదరవాహనమును అమ్మియుండిరి.

బిగించుటతో పని ముగియదు. జెట్లను మరల ఎంచవలయును. కొంతదూరము నడిపి స్పార్కు ప్లగ్గును విప్పినచో గుట్టు తెలియును: నల్లని మసి యున్న పెట్రోలు హెచ్చినది, తెల్లబారిన గాలి హెచ్చినది, లేత గోధుమవన్నె యున్న పాలు కుదిరినది. తెలుపును ఉపేక్షించినచో పిస్టను కరగవచ్చును.

ఈ మార్పువలన నిదానపు నడక సాఫీయగును, సవరింపుల బాధ తగ్గును; గరిష్ఠవేగమున కొంత బలము పోవును. జంట పోయినది బోనవిల్లే యగునా యను ప్రశ్నయు మిగులును. ప్రదర్శనకు నిలుపువారు జంటను విడువరాదు. నిత్యము నడుపువారికి ఒకటి చాలును. ఎవరైనను తీసిన భాగములను పారవేయక దాచవలయును. రేపటి యజమాని వానిని కోరవచ్చును.