బ్రేక్ ఆయిల్‌లో చేరే కనిపించని నీరు

పాత కారు ఒకటి తిరుమల కొండ దిగుతోందనుకుందాం. ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కాల్సిందే. సగం దారిలో పెడల్ మెత్తబడి నేల దాకా దిగిపోతుంది. ఎలాగో బండి ఆపి, చల్లారాక చూస్తే బ్రేకు మామూలుగానే పనిచేస్తుంది. మెకానిక్‌కూ లోపం దొరకదు. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌లో చేరిన నీటిని.

పేరు ఆయిల్ అయినా ఇది నూనె కాదు. చాలా కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. ద్రవాలు దాదాపు కుదించుకుపోవు కాబట్టి, పాస్కల్ నియమం ప్రకారం పెడల్ మీద పెట్టిన ఒత్తిడి చక్రాల దగ్గరి పిస్టన్లకు చేరుతుంది. అయితే ఈ ద్రవం తేమను పీల్చుకుంటుంది. కారు షెడ్డులో కదలకుండా ఉన్నా, రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత గుండా గాలిలోని తేమ మెల్లగా లోపలికి చేరుతుంది.

వేడెక్కితే ఏమవుతుంది?

డాట్ 3 రకం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది.

వెయ్యి కిలోల కారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు 70 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. గది ఉష్ణోగ్రతలోని 20 లీటర్ల నీటిని మరిగించడానికి అది చాలు. ఈ భారమంతా బ్రేకుల మీదే వేస్తే వాటి వేడికి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి సులువుగా కుదించుకుపోతుంది. కాలి ఒత్తిడి బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతుంది, ఆనవాలు మిగలదు.

ఏం చేయాలి?

కారు ఎక్కువ తిరగకపోయినా సుమారు రెండేళ్లకోసారి ద్రవం మొత్తం మార్పించి, గొట్టాల్లో గాలి లేకుండా తీయించాలి. మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి. ఎప్పుడో మూత తీసి వదిలేసిన డబ్బాలోది వాడకూడదు. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. మట్టం తగ్గితే పోసి ఊరుకోకుండా, ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతోందా అన్నది చూపించాలి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తక్కువ గేరులో వెళ్తే ఇంజినే వేగాన్ని కొంత అదుపు చేస్తుంది. పెడల్ మెత్తబడితే దాన్ని వెంటవెంటనే తొక్కి వదులుతూ, గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగుతూ బండిని పక్కకు ఆపాలి. చల్లారాక బ్రేకు బాగానే పడుతోంది కదా అని మళ్లీ కొండ దిగడం మాత్రం ప్రమాదకరం.