కడియం మొక్కకు ఎండ నేర్పడం

రండర్రా పిల్లలూ, ఆ చాప ఇలా లాగి కూర్చోండి. రాజమండ్రి నుంచి రావులపాలెం పోయే పెద్దరోడ్డు మీద ఎప్పుడైనా బస్సులో వెళ్లారా? వేమగిరి దాటాక రోడ్డుకు రెండు పక్కలా మొక్కలే మొక్కలు. కడియపులంక, బుర్రిలంక, కడియం... ఎటు చూసినా నర్సరీలే. గోదావరి తల్లి ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఒకటి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పారిన నీళ్లు ఒకటి. ఆ రెండూ కలిసిన నేలలో పుల్ల గుచ్చినా చిగురేస్తుంది. అక్కడ లారీలకెక్కిన మొక్కలు ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోతాయి.

మరి అంత మెత్తటి చోట, కావలసినన్ని నీళ్లు తాగి పెరిగిన మొక్క అనంతపురం ఎండలోనో, హైదరాబాదులో మీ పిన్ని వాళ్ల బాల్కనీలోనో ఎలా బతుకుతుంది? అలా బతికేలా తయారుచెయ్యడమే నర్సరీ వాళ్ల అసలు విద్య. అంటు కట్టే పనితనాన్ని అందరూ నిలబడి చూస్తారు, మెచ్చుకుంటారు. మొక్కను గట్టిపరిచే పని మాత్రం ఎవరి కంటికీ ఆనదు. నాకైతే అదే ముచ్చటగా ఉంటుంది.

మొదట మందార కొమ్మనో, నందివర్ధనం కొమ్మనో కత్తిరించి మట్టి నింపిన కవరులో గుచ్చుతారు. దానికి ఇంకా వేళ్లు లేవు. నీళ్లు తాగే దారి సరిగా లేదు గానీ పోయే దారులు మాత్రం వేలకొద్దీ ఉన్నాయి. ఆకు అడుగున ఉండే ఆ సన్నటి నోళ్లనే మీ సైన్సు పుస్తకంలో పత్రరంధ్రాలంటారు. అందుకే చాలా ఆకులు తుంచేసి, పైన షేడ్‌నెట్ కట్టి, చుట్టూ తేమ ఆరకుండా చూస్తారు. ఇది పసితనం. ఇప్పుడు గారాబం చెయ్యాల్సిందే.

వేళ్లు పట్టాక కథ మారుతుంది. నీడలో పుట్టిన ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది. వెలుతురు తక్కువ కదా, దొరికినంతా పట్టుకోవాలని దాని ఆరాటం. దాని మీద మైనం పూత కూడా పల్చనే. మైనమేమిటి తాతయ్యా అంటారేమో! తామరాకు మీదా చేమాకు మీదా నీటిబొట్టు అంటకుండా జారిపోయేది ఆ మైనం చలవే. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె అడుగున ముక్కల్ని కాపాడినట్టు, ఆ పూత ఆకు లోపలి తడిని కాపాడుతుంది. పల్చటి ఆకున్న మొక్కను ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే ఆకు తెల్లగా పాలిపోయి, ఆనక మాడి మచ్చలు పడుతుంది. అంత వెలుగును అది వాడుకోలేదు. వాడుకోగా మిగిలిపోయిన వెలుగే లోపలి పత్రహరితాన్ని పాడుచేస్తుంది.

అందుకని నర్సరీలో ముందు పొద్దుటెండ చూపిస్తారు, ఆ తర్వాత మెల్లగా ఎండలో ఉంచే సేపు పెంచుతారు. ఇక్కడో చిత్రం ఉందర్రా. నీడలో పుట్టిన ఆకు ఎండలోకి వచ్చినా చాలామటుకు అలాగే పల్చగా ఉండిపోతుంది. ఎండలో విచ్చుకునే కొత్త చిగురే చిన్నగా, మందంగా, మైనం దట్టంగా పట్టించుకుని వస్తుంది. మొక్క ఎండకు అలవాటు పడిందంటే, ఆకులు మార్చుకుందన్నమాట!

నీళ్లూ అంతే. మన ఊళ్లో మిరప నారు, టమాటా నారు పెంచేవాళ్లు నారు పీకే ముందు కొన్నాళ్లు తడులు తగ్గిస్తారు, చూశారా? మట్టి కాస్త ఆరేసరికి మొక్కలో అబ్సిసిక్ ఆమ్లమనే పదార్థం తయారవుతుంది. అది ఆకుల నోళ్లను మూయిస్తుంది. లోపలి తడి నిలుస్తుంది. కాగితం పూల మొక్కకైతే నీళ్లు తగ్గిస్తేనే పూలు విరగబూస్తాయి.

ఇక వేళ్ల సంగతి. కవరు అడుగున కన్నాలుంటాయి కదా, వాటిలోంచి వేరు కిందకి దిగి గోదావరి మట్టిని కరిచి పట్టుకుంటుంది. అలా వదిలేస్తే, అమ్మే రోజున కవరు లాగగానే వేరు కాస్తా పుటుక్కున తెగి మొక్క వేలాడిపోతుంది. అందుకే కూలీలు అప్పుడప్పుడూ కవర్లన్నిటినీ లేపి పక్కకి జరుపుతుంటారు. దిగిన వేరు కొద్దికొద్దిగా తెగుతుంటే, కవరు లోపలే పిల్లవేళ్లు గుబురుగా పుట్టి మట్టిని ముద్దలా పట్టి ఉంచుతాయి. ఎండలో వంగి, లేచి, వరస తర్వాత వరస జరపడం నడుము విరిగే పని. మొక్క వెల అడిగేటప్పుడు ఆ చేతుల్ని కూడా తలుచుకోండి.

గాలి కూడా మొక్కకు పాఠం చెబుతుంది. 1973లో మార్క్ జాఫీ అనే శాస్త్రవేత్త చిక్కుడు జాతి, దోస, ఆముదం, అత్తిపత్తి మొక్కల కాండాల్ని రోజూ ఒకటి రెండుసార్లు, పది సెకన్లపాటు వేళ్లతో రుద్ది చూశాడు. అవి పొడుగు సాగడం తగ్గించాయి. గాలి తాకిడికీ మొక్కలు ఇలాగే పొట్టిగా, దిట్టంగా తయారవుతాయి. అందుకే మొక్కల్ని మరీ ఒత్తుగా పెట్టకుండా, గాలి ఆడేలా ఎడం ఇస్తారు. ఎడం లేకపోతే వెలుతురు కోసం ఒకదాన్నొకటి మించి సన్నగా సాగిపోతాయి, కర్ర కట్టందే నిలబడలేవు.

కాబట్టి మీరు నర్సరీకి వెళ్తే అన్నిటికన్నా పొడుగు మొక్కనీ, ఒళ్లంతా పూలున్న మొక్కనీ చూసి మోజుపడకండి. మొదలు లావుగా ఉండి, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న పొట్టిదాన్ని ఎంచుకోండి. అది ఎండలో ఉందా, నీడలో ఉందా అని అడగండి. నీడలోదైతే వారం పది రోజులు చెట్టు కింద ఉంచి, పొద్దుటెండ అలవాటు చేసి, అప్పుడు బయట పెట్టండి. సాయంత్రం పూట నాటితే ఇంకా మంచిది. కవరు చింపేటప్పుడు మట్టిముద్ద చెదరనివ్వకండి.

నాటిన కొత్తలో ఆకులు రాలతాయి. చచ్చిపోయిందని పీకి పారేసేరు! కాండాన్ని గోటితో కొంచెం గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉందా, ఇంకా ప్రాణముంది. నీళ్లు మరీ ఎక్కువ పోయకుండా చిగురు కోసం ఆగండి.