వీడియో చెడలేదు... ప్లేయరుకే అర్థం కావడం లేదు!

మనుమరాలి పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తెచ్చి, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. డీవీడీ ప్లేయరు తెర మీద ఆంగ్లంలో ఒక ముక్క చూపి ఊరుకుంటుంది. ఒక్కోసారి సన్నాయి వినబడుతుంది గాని బొమ్మ రాదు. సెల్‌ఫోను చిన్న తెర మీద చూపు ఆనని ముసలివారికి ఇది పెద్ద నిరాశ. వీడియో పాడైందని దుకాణం మీదికి వెళ్లేవారున్నారు. ప్లేయరు చెడిందని పాత సామాన్ల బండికి వేసేవారూ ఉన్నారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి.

వీడియోను ఉన్నదున్నట్టు దాస్తే చోటు చాలదు గనుక కుదించి దాస్తారు. ఆ కుదింపులో పద్ధతులు అనేకం. డీవీడీలకు వాడేది ఎంపెగ్-2. పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలున్న పాత ప్లేయర్లలో చాలావాటికి దీనితోపాటు డివెక్స్, ఎక్స్‌విడ్ రకాలు తెలుసు. ఇప్పటి ఫోన్లు తీసేవి 2003లో వచ్చిన హెచ్-264 లేదా 2013లో వచ్చిన హెచ్-265 పద్ధతిలో ఉంటాయి. వాటిని విప్పే చిప్పు ఆ ప్లేయర్లలో లేదు. ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని రాస్తే చాలునని కొందరు సలహా ఇస్తుంటారు. డబ్బా మీద చీటీ మారిస్తే లోపలి కందిపప్పు పెసరపప్పు అవుతుందా?

మార్పిడి కంప్యూటరులో చేయాలి. అవిడెముక్స్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. దుకాణంలో చేయించుకునేవారు "ఎక్స్‌విడ్ ఏవీఐ, బొమ్మ 720 బై 400, శబ్దం ఎంపీ3" అని కాగితం మీద రాసి ఇస్తే సరిపోతుంది. అడ్డంగా తీసిన వీడియోకు ఈ కొలత సరిగ్గా అమరుతుంది. సెకనుకు 1500 కిలోబిట్లు పెడితే గంట వీడియో సుమారు 700 మెగాబైట్లు అవుతుంది. మొదట రెండు నిమిషాల ముక్క మాత్రమే మార్పించి ఇంట్లో ఆడించి చూసుకోవడం మంచిది. పూర్తిగా చేయించాక ఆడకపోతే డబ్బు దండగ.

అసలు నష్టం మరోచోట జరుగుతోంది. పాత ప్లేయర్లు సాధారణంగా ఫ్యాట్-32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి. అందులో 4 గిగాబైట్లకు మించిన ఫైలు పట్టదు. 64 గిగాబైట్లు, ఆ పైన ఉన్న పెన్‌డ్రైవ్‌లు చాలావరకు వేరే పద్ధతిలో వస్తాయి. వాటిని ఫ్యాట్-32లోకి తెచ్చేందుకు ఫార్మాట్ చేస్తే లోపలిదంతా తుడిచిపెట్టుకు పోతుంది. పెళ్లి వీడియో ఆ ఒక్కదానిలోనే ఉంటే ఇక అంతే సంగతులు. కాలం చేసిన తండ్రి మాట్లాడిన నాలుగు మాటలు అందులోనే ఉంటే వాటిని మళ్లీ ఎవరు తెచ్చి ఇస్తారు? ముందుగా అసలు ఫైలును కంప్యూటరులోనో మరో డ్రైవులోనో దాచి, ఆ తరువాతే ఫార్మాటు జోలికి పోవాలి. మార్పిడి అయ్యాక కూడా అసలును చెరిపివేయకూడదు. కుదించిన నకలులో స్పష్టత తగ్గుతుంది, తిరిగి పెరగదు.

పాత కంప్యూటరులో గంట వీడియో మారడానికి గంటకు పైగానే పట్టవచ్చు. మధ్యలో కరెంటు పోతే నకలును మొదటి నుంచి చేయాల్సిందే. కోత వేళ చూసుకుని మొదలుపెట్టాలి.